మంచం దిగని హీరో

ముప్ఫై ఏళ్లకు పైగా కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతికాను. ఆసుపత్రి రసీదులకి రాశాను, సిమెంటు కంపెనీ జీతాలకి రాశాను, ఒక రైస్ మిల్లుకి కూడా రాశాను. వాటిలో ఒక్కదాని మొహం కూడా ఇప్పుడు గుర్తు లేదు. గుర్తున్నదల్లా తొంభైల చివర్లో ఫిల్మ్ నగర్‌లో పనిచేసిన ఏడాదిన్నరే. అక్కడ మేం చేసింది ఒకే ఒక్క గేము. అది ఎంతమంది ఆడారని మాత్రం అడక్కండి, ఈ వయసులో సిగ్గుపడలేను. ఇప్పుడు గేముల కంపెనీల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసిన వెధవపని ఒకటి ఉంది. దాన్ని దాటేసి చెబితే కథ అందంగానే ఉంటుంది గానీ, అబద్ధమవుతుంది.

ఒక పేరున్న నిర్మాతగారి అబ్బాయికి కంప్యూటర్ గేముల పిచ్చి. బెంగుళూరులో చదువు ముగించుకొచ్చి, తండ్రిగారి సినిమా ఆఫీసు మేడ మీద మూడు కంప్యూటర్లు, ఒక ఏసీ పెట్టించాడు. ఏసీ కంప్యూటర్ల కోసం, మా కోసం కాదు. కింద రీళ్ల డబ్బాలు, కాస్ట్యూమ్ పెట్టెలు, ఎప్పుడూ ఎవరో ఒకరి కోసం ఎదురుచూసే మనుషులు. పైన మేం. తండ్రిని అందరూ పెద్దాయన అనేవారు, కొడుకుని బాబుగారు అనేవారు. నేనూ అలాగే అలవాటు పడ్డాను.

మేం మధురానగర్‌లో ఉండేవాళ్లం. నాన్న మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి, తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. నాకు ఫిల్మ్ నగర్‌లో ఉద్యోగం వచ్చిందంటే ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారిని పక్కకు పిలిచి సలహా అడిగారు. పాస్టరుగారు, "కంప్యూటర్ ఎక్కడున్నా కంప్యూటరేనండీ" అన్నారు. అలా నాకు అనుమతి దొరికింది.

బాబుగారి కల ఏమిటంటే తెలుగులో రోల్ ప్లేయింగ్ గేము. ఇప్పుడు మీకు అది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆడేవాళ్లు ఒక కథలో దూరి, హీరోని ఊళ్లో తిప్పి, అందరితో మాట్లాడించి, ఎటు వెళ్లాలో ఏం చేయాలో తామే తేల్చుకుంటారు. అప్పట్లో మాత్రం మా ఆఫీసులో ముగ్గురికి తప్ప ఎవరికీ ఇది అర్థం కాలేదు. ఆ ముగ్గురిలో ఒకరు బాబుగారు, ఒకరు నేను. మూడో మనిషి కంప్యూటర్ ముట్టుకోవడానికే భయపడే అరవై ఏళ్ల మాటల రచయిత. ఆయన్ని అందరం గురువుగారూ అని పిలిచేవాళ్లం.

గురువుగారు ముప్ఫై ఏళ్లుగా సినిమాలకి మాటలు రాశారు. ఏ తెర మీదా ఆయన పేరు పడలేదు. పెద్ద రచయితల వెనక కూర్చుని రాసేవాళ్లని పరిశ్రమలో ఘోస్టులంటారు. పేరు గురించి ఆయన పెద్దగా బాధపడేవారు కాదు. ఆయన బాధ వేరే.

"నా హీరోలకి ఒక్క తప్పూ మిగల్లేదమ్మాయ్" అనేవారు. "హీరో అన్నని మోసం చేశాడని పొద్దున్న రాస్తానా, సాయంత్రం కథాచర్చలు ముగిసేసరికి ఆ మోసం విలన్ చేసినట్టయ్యేది. హీరో తాగి బండి నడిపాడంటే, ఆ మందు ఎవడో దొంగతనంగా కలిపినదయ్యేది. తప్పులన్నీ పోగేసి ఒక్కడి నెత్తిన రుద్దడమే మా పని. పోయేలోగా ఒక్కసారైనా, తప్పు చేసినవాణ్ణి వాడే చేసినట్టు చూపించాలని ఉంది."

ఆయనకి మా గేము మీద అంత ఆశ అందుకే. అది తెలిసి కూడా నేను చేసిన పని ముందు ముందు వస్తుంది.

గేము కోసం ఆయన అల్లిన కథ ఇది. కొండల మధ్య ఒక ఊరు. దోపిడీ ముఠా వస్తోందని తెలుస్తుంది. కనుమ దగ్గర ఇద్దరు నిలబడితే చాలు, ముఠాని ఆపొచ్చు. హీరోనీ, అతని స్నేహితుణ్ణీ కాపలాకి పొమ్మంటారు. "తెల్లారేసరికి వస్తావు కదూ?" అని స్నేహితుడు అడిగితే హీరో, "నేను రాను, నాకు భయంగా ఉంది" అంటాడు. స్నేహితుడు ఒక్కడే వెళ్తాడు. కనుమ దగ్గర డప్పు మోగించి పిలుస్తాడు. ఆ డప్పు వింటూ హీరో మంచం మీద పడుకునే ఉంటాడు. స్నేహితుడు చనిపోతాడు. హీరో ఊరొదిలిపోయి ఎక్కడెక్కడో యుద్ధాలు చేసి, పెద్ద వీరుడై తిరిగొస్తాడు. ఆడేవాళ్లు మొదటి నుంచీ నడిపేది ఇతణ్ణే. చివరికి అతను ఆ స్నేహితుడి తల్లి గుమ్మం ముందు నిలబడాలి. నిజం చెప్పాలా వద్దా అన్నది ఆడేవాళ్ల ఇష్టం.

గురువుగారు కాగితం మీద రాసేవారు కాదు. గదిలో అటూ ఇటూ నడుస్తూ, నోటితోనే డప్పు కొడుతూ, తల్లి గొంతు తల్లిలా, ముఠా గొంతు ముఠాలా చెప్పేవారు. నేను టైపు చేసుకునేదాన్ని. మంచం సీను దగ్గర ఆయన ఒక వింత కోరిక కోరారు. ఆడేవాళ్లు మీట నొక్కితే హీరో లేవాలి కదా. ఎన్నిసార్లు నొక్కినా లేవకూడదన్నారు.

"మిషన్ పాడైందనుకుంటారండీ" అన్నాను.

"అనుకోనీ. కాళ్లు మాట విననప్పుడు మనిషికి అచ్చం అలాగే ఉంటుంది."

బొమ్మలు వేసే మనిషి మోతీనగర్ నుంచి వచ్చేవాడు. అంతకు ముందు సినిమా హోర్డింగులకి రంగులు వేసేవాడు. నిచ్చెన మీద నిలబడి నలభై అడుగుల మొహాలు వేసిన చెయ్యి, మౌస్ పట్టుకుని వేలెడంత మొహం వేయలేక అల్లాడిపోయేది. హీరోకి కూడా హోర్డింగు లెక్కన బుగ్గలు ఎర్రగా పూసేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, "మేడం, గీయనకు మీసం పెట్టాల్నా వద్దా? పిరికోడికి మీసం ఎట్ల పెడ్తం?" అన్నాడు.

గురువుగారు వెనక నుంచి, "పెట్టవయ్యా. ముందుగా మీసం పెంచేది వాళ్లే" అన్నారు. ఆయనకి అప్పుడు ఒత్తయిన మీసం ఉండేది. ముగ్గురం పగలబడి నవ్వాం.

ఇక ముహూర్తం. సినిమావాళ్ల ఆఫీసు కదా, గేముకైనా ముహూర్తం లేకుండా పని మొదలవదు. సినిమాల్లో ముహూర్తం నాడు దేవుడి పటం మీద తీసే మొదటి షాట్‌లో మంగళకరమైన మాటే పలకాలి. ఏడుపు, చావు, కాదు, రాదు లాంటివి పనికిరావు. మాకు కెమెరా లేదు గనక మైకు పెట్టారు. మానిటర్‌కి బొట్టు పెట్టి, సీపీయూకి దండ వేసి, దాని ముందే కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు చిమ్మాయి. "అరె, జర దూరం! కరెంట్ వస్తువు గది!" అని బొమ్మలాయన పరుగెత్తాడు.

డబ్బింగ్ చెప్పే ఆయన మైకు ముందు నిలబడి కాగితం చూశాడు. మొదటి మాట, "నేను రాను." పెద్దాయన మొహం మాడిపోయింది. "పూజ ఎదుట రాను అనేమిటయ్యా?" అన్నారు. గురువుగారు నిమిషం కూడా తడుముకోకుండా జేబులోంచి పెన్ను తీసి ఇంకో మాట రాసిచ్చారు. డబ్బింగ్ ఆయన గొంతు సవరించుకుని, "వస్తాను. తప్పకుండా వస్తాను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముహూర్తపు మాట మామూలుగా వాడరు, పక్కన పడేస్తారు. మేం కూడా అలాగే పడేశాం.

పది నెలలు గడిచాయి. పెద్దాయన గేము చూసి నిర్ణయం చెబుతారని కబురొచ్చింది. ఆయనకి నచ్చితే సీడీలు వేస్తాం, నచ్చకపోతే మేడ మీద తాళం పడుతుంది. వారం ముందు బాబుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"హీరో పిరికివాడైతే ఆడేదెవరండీ? సినిమాలో అయితే దూరం నుంచి చూస్తారు. ఇక్కడ ఆడేవాడే హీరో. నువ్వు పిరికివాడివి అని వాడి మొహం మీదే చెప్తామా? నాన్నగారు ఒప్పుకోరు. హీరో తప్పు లేకుండా ఇంకో వెర్షన్ చేయండి. గురువుగారికి ఇప్పుడే చెప్పకండి, బాధపడతారు. నాన్నగారు సరేనన్నాక నేనే చెప్తాను."

ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు. నా ఉద్యోగం, బొమ్మలాయన ఉద్యోగం కూడా దాని మీదే ఉన్నాయి. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న మాటలు. అసలు సంగతి, కాదనడానికి నాకు ధైర్యం చాలలేదు. గురువుగారు మధ్యాహ్నం భోజనం చేసి బల్ల మీద కునుకు తీసే వేళల్లో, నాలుగు రోజుల్లో, ఆయన కథ మార్చేశాను. హీరో, "వస్తాను" అంటాడు. దానికి గొంతు కావాలి కదా, పారేసిన ముహూర్తపు మాట తెచ్చి అతికించాను. తర్వాత నేను కొత్తగా తెచ్చిన విలన్ అతన్ని ధాన్యం గాదెలో పెట్టి తాళం వేస్తాడు. పాపం హీరో రాలేకపోతాడు. విలన్ మాటలు నేనే రాశాను. అవేమిటో ఇక్కడ రాయను.

ఆ రోజు కంప్యూటర్‌ని వ్యానులో జూబ్లీహిల్స్‌లోని పెద్దాయన ఇంటికి తీసుకెళ్లాం. అందులో ఉన్నది గురువుగారి కథే. కొత్త వెర్షన్ రెండు ఫ్లాపీల్లో నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. గురువుగారు కింద వరండాలో కాఫీ తాగుతుండగా నేను మేడ మీద హాల్లో ఒక్కదాన్నే కూర్చుని కాపీ చేయడం మొదలుపెట్టాను. పాత సీన్ల మీద కొత్తవి ఎక్కాలి. మొదటి ఫ్లాపీ ఎక్కింది. రెండోది మధ్యలో మొరాయించింది. ఆ ఫ్లాపీలోనే గాదె సీను ఉంది. మళ్లీ ప్రయత్నిస్తావా, వదిలేస్తావా అని తెర మీద ప్రశ్న. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. గబుక్కున వదిలెయ్ అని నొక్కేశాను. ఏవో బొమ్మలే పోయి ఉంటాయనుకున్నాను.

పెద్దాయన పంచె కట్టుకుని సోఫాలో కూర్చున్నారు. మౌస్ పట్టుకోనన్నారు. "నేను చెప్తాను, నువ్వు నొక్కమ్మా" అన్నారు. బాబుగారు పక్కన. గురువుగారు, బొమ్మలాయన వెనక గోడకానుకుని నిలబడ్డారు.

గేము మొదలైంది. స్నేహితుడు అడిగాడు. హీరో అన్నాడు, "వస్తాను. తప్పకుండా వస్తాను."

నా వెనక గురువుగారి చెప్పు నేలకి రాసుకున్న చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు. ఇక విలన్ వచ్చి గాదె తాళం వేస్తాడని ఎదురుచూశాను. రాలేదు. తెర మీద హీరో ఇల్లు, మంచం, దూరంగా డప్పు. అప్పుడు అర్థమైంది. కొత్తది సగమే ఎక్కింది. మొదటి సీను నాది, తర్వాతదంతా గురువుగారిది. గేము మధ్యలో ఎందుకు ఆగిపోలేదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

"డప్పు కొడుతున్నాడు. లేపమ్మా వీణ్ణి" అన్నారు పెద్దాయన.

నొక్కాను.

"లేవలేదే. మళ్లీ నొక్కు."

"నొక్కుతూనే ఉన్నానండీ."

డప్పు ఆగి ఆగి మోగుతోంది. పెద్దాయన సోఫా అంచుకి వచ్చేశారు. "లెయ్యరా! అక్కడ వాడొక్కడే ఉన్నాడు! మాటిచ్చావు కదరా!" అని తెరని కేకలేశారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "మిషన్ పాడైందా ఏంట్రా?" అన్నారు.

గురువుగారు వెనక నుంచి మెల్లగా అన్నారు. "మిషన్ బాగానే ఉందండి. వాడే లేవడం లేదు."

డప్పు ఆగిపోయింది.

"వస్తానన్నాడు కదయ్యా?"

"అన్నాడండి."

"మరి?"

"భయమేసిందండి."

పెద్దాయన వెనక్కి ఆనుకున్నారు. "కానివ్వమ్మా" అన్నారు. మధ్యాహ్నం భోజనానికి రెండుసార్లు పిలుపొచ్చినా లేవలేదు. హీరో బలం పెరుగుతూ పోయింది, కత్తులు మారాయి, ఊళ్లవాళ్లు దండాలు పెట్టారు. చివరికి తల్లి గుమ్మం ముందుకి వచ్చాం. నిజం చెప్పనా, వద్దా అని తెర అడిగింది. పెద్దాయన, "వెనక్కి తిప్పు" అన్నారు. వీధి చివరి దాకా తీసుకెళ్లాను. మళ్లీ గుమ్మం దగ్గరికి. మళ్లీ వెనక్కి. మూడోసారి కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ, "చెప్పించమ్మా. ఇంత దూరం వచ్చాడు" అన్నారు. హీరో చెప్పాడు. తల్లి, "అన్నం చల్లారిపోతోంది, కూర్చో" అంది. గురువుగారు ఆమెకి రాసింది అంతే.

బొమ్మలాయన ముక్కు చీదుతున్నాడు. బొమ్మలన్నీ తానే వేశాడు, అయినా ఏడుస్తున్నాడు.

పెద్దాయన గురువుగారి వైపు తిరిగారు. "ముహూర్తం నాటి కాగితంలో వీడు రాను అన్నాడు కదా. రానన్నవాణ్ణి పోనీలే పాపం అనుకోవచ్చు. వస్తానని చెప్పి రానివాణ్ణి ఏం చేస్తాం? ఆ మాట మార్చిందెవరు?"

గురువుగారు నా వైపు చూశారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. "ఈ అమ్మాయండి" అన్నారు.

నేను అక్కడే లేచి నిజం చెప్పాల్సింది. బాబుగారికీ తెలుసు, ఆయనా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, "బంగారం లాంటి మాట పెట్టావమ్మా" అన్నారు. నేను ఆ చెయ్యి కింద తల వంచుకుని కూర్చున్నాను. భోజనానికి లేస్తూ ఆయన కొడుకుతో, "ఈ తప్పు వీడిదే. ఎవడి మీదకీ తొయ్యొద్దు. ఇలాగే వెయ్యండి" అన్నారు.

గురువుగారు కోరుకున్నది దొరికింది. నేను దాన్ని దొంగిలించబోయాక దొరికింది.

వ్యాను కంప్యూటర్‌ని తీసుకుని వెళ్లిపోయింది. గురువుగారు నడుస్తానన్నారు. నేనూ ఆయన వెంట నడిచాను. ఆ రోజుల్లో ఆ దారి పొడుగునా ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. కొంతదూరం పోయాక అంతా చెప్పేశాను. రెండో వెర్షన్, ఫ్లాపీలు, అన్నీ.

ఆయన అంతా విని, "అందులో వాణ్ణి ఎలా ఆపావు?" అన్నారు.

"విలన్ గాదెలో పెట్టి తాళం వేస్తాడండీ."

"ధాన్యం పోసుకునే గాదెలో మనిషిని పెట్టి తాళమా? దాని నోరు పైన ఉంటుందమ్మా. ఎక్కి దూకేస్తాడు."

"నేనెప్పుడూ గాదె చూడలేదండీ."

"అదీ సంగతి" అన్నారు. ఫిల్మ్ నగర్ మలుపు దగ్గర ఆగి అన్నారు. "కోపం వచ్చిందమ్మాయ్. ఇప్పటికీ ఉంది. నా కథలు నాకు తెలియకుండా మార్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లెవరితోనూ నేను రోజూ కూర్చుని క్యారియర్ పంచుకుని తినలేదు."

నాకు ఏడుపొచ్చింది. "మరి నా పేరెందుకు చెప్పారండీ?"

"మాట అక్కడ బాగుంది కనక. ముహూర్తానికి రాసింది నేనే అయినా, దాన్ని అక్కడ పెట్టింది నువ్వు. కథలో నేను రాసినదానికంటే బాగుంది. బాగున్న మాట ఇంకొకరి వల్ల వస్తే నాదని చెప్పుకోవడం నాకు చేతకాదు. అలా చెప్పుకున్నవాళ్లని ముప్ఫై ఏళ్లు దగ్గర నుంచి చూశాను."

మర్నాడు ఆయన మామూలుగానే వచ్చారు. క్యారియర్ మూత తీసి, గోంగూర పచ్చడి నా వైపు జరిపారు. ఆ పచ్చడి ఆ రోజు నేను ఎలా మింగానో నాకే తెలుసు.

సీడీ కవరు మొదటి నమూనా అచ్చై వచ్చిన రోజు బాబుగారు ముందుగా ఆయన చేతికే ఇచ్చారు. వెనక వైపు, రచన అన్నచోట మొదట ఆయన పేరు, దాని కింద నా పేరు. అలా వేయమని చెప్పింది గురువుగారే. అరవై ఏళ్లు దాటాక ఆయన తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. బొటనవేలితో ఒకసారి రుద్ది చూశారు, సిరా అంటుతుందేమోనని. నేను దగ్గరికి వెళ్లి, మిగతా కవర్లు ఇంకా అచ్చవలేదు, నా పేరు తీయించేయమని బతిమాలాను.

"ఎందుకు?"

"నాకా అర్హత లేదండీ."

"లేదు" అని వెంటనే ఒప్పుకున్నారు. "అయినా ఉండాలి. ఆ మాట నీ పొరపాటు వల్ల వచ్చింది, పొరపాటు నీ తప్పు వల్ల వచ్చింది. తప్పు చేసిన మనిషిని తీసేసి ఫలితం మాత్రం మనం ఉంచుకుంటే, ఇన్నాళ్లూ నా కథలకి వాళ్లు చేసిందే మనమూ చేసినట్టు."

సీడీ వచ్చాక ఏడాది తిరక్కుండానే మేడ మీది ఆఫీసు మూసేశారు. అందరం తలోదారి పట్టాం. తర్వాత నేను పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేశాను, నా కింద చాలామంది పనిచేశారు. ఇంకొకరి పనిని వాళ్లకి చెప్పకుండా మార్చే అధికారం నాకు చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ వాళ్లని పిలిచి కూర్చోబెట్టుకుని చెప్పాకే మార్చాను. కొందరు తిట్టుకున్నారు కూడా. మీరు కూడా ఆ తిట్లు తినండి, ఏమీ కాదు.

గురువుగారు ఇప్పుడు లేరు. ఆయన పేరు అచ్చులో ఉన్నది ఆ ఒక్క కవరు మీదే, దాని కింద నా పేరు. క్షమించానని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నన్ను తీసేయలేదు, అంతే.